ఒక కంచెకు టీకా తాత్పర్యం

మూలం: "మీ టేబుల్ సా ఫెన్స్‌ను అప్‌గ్రేడ్ చేసుకోండి, మెరుగైన ప్రిసిషన్, రిపీటబిలిటీ పొందండి."

అవతారిక. వడ్రంగపు యంత్రాలు అమ్మే కేటలాగు ఏది తెరిచినా ఈ వాక్యమో దీని సవతి తమ్ముడో కనిపిస్తుంది. కర్త ఎవరో తెలియదు గనక అపౌరుషేయమనే ఒప్పుకోవాలి. ఇంత గంభీరమైన వాక్యానికి ఇప్పటిదాకా వ్యాఖ్య లేకపోవడం మన లోటు. మెదక్ సీమ కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని నియమం పెట్టుకుని కాళిదాసును వ్యాఖ్యానించాడు. ఆ నియమంలో మొదటి సగం పాటించడానికి ఇక్కడ ప్రయత్నం జరుగుతుంది. రెండో సగం గురించి మాట ఇవ్వలేం.

ప్రతిపదార్థం. 'మీ', డబ్బిచ్చేవారి, 'టేబుల్ సా', బల్ల మధ్య సందులోంచి గుండ్రటి రంపపు బ్లేడు పైకొచ్చి తిరిగే యంత్రం, అంటే రంపం చెక్క దగ్గరికి పోదు, చెక్కే రంపం దగ్గరికి రావాలి, 'అప్‌గ్రేడ్', స్పష్టం. (చిక్కున్న చోట 'స్పష్టం' అని దాటేసి, తేలికైన చోట పుటలు నింపడం వ్యాఖ్యాతలకు పరంపరగా వచ్చిన హక్కు.) 'ఫెన్స్' అంటే కంచె. చేనికి కంచె పశువును ఆపడానికి. ఈ కంచె చెక్కను ఆపడానికి కాదు, దారిలో నడపడానికి. పనివాళ్ళు దీన్ని గైడ్ అంటారు, నిజానికి అదే తగిన పేరు. బ్లేడుకు సమాంతరంగా నిలబెట్టిన తిన్నని గోడ ఇది. చెక్క అంచు ఆ గోడను రాసుకుంటూ ముందుకు పోతే, గోడకూ బ్లేడుకూ నడుమ ఎంత ఎడముందో అంత వెడల్పు ముక్క తెగుతుంది. ఆ సమాంతరమే దాని ధర్మం. వెనక కొస బ్లేడు వైపు వెంట్రుకవాసి ఒరిగినా చెక్క రెండింటి మధ్యా ఇరుక్కుంటుంది. బ్లేడు వెనక పళ్ళు కింది నుంచి పైకి లేస్తుంటాయి గనక చెక్కను ఎత్తి, తోసేవాడి మీదికే విసురుతాయి. పది అంగుళాల బ్లేడు నిమిషానికి 4000 చుట్లు తిరిగితే పళ్ళ కొసల వేగం గంటకు 190 కిలోమీటర్ల పైమాటే. కంచె చేను మేయడం మనకు సామెతలో ఉన్నదే. కంచె రైతునే కొట్టడం ఈ యంత్రం చేర్చిన విశేషార్థం.

'ప్రిసిషన్', సూక్ష్మత. ఎంత సూక్ష్మం? అంగుళంలో వెయ్యో వంతు అని కేటలాగు గొంతు సవరించుకుని చెబుతుంది. మానాల ప్రస్తావన వచ్చింది గనక రెండు మాటలు చెప్పక తప్పదు. మన వడ్రంగి అంగుళాన్ని ఎనిమిది నూళ్ళు చేస్తాడు. ఉత్తరాది పనివాడు అదే కొలతను సూత్ అంటాడు. నూలన్నా సూత్ అన్నా దారమే, సూత్రమే. రంగులో ముంచిన దారాన్ని దుంగ మీద బిగలాగి టప్పున వదిలితే పడే గీత వడ్రంగానికి మొదటి అక్షరం. ఆ దారం పట్టినవాడు సూత్రధారుడు. బెంగాల్‌లో వడ్రంగుల కులానికి నేటికీ అదే పేరు. నాటకాల్లోకి వచ్చేసరికి సూత్రధారుడు రంగం మీద నాందీ ప్రస్తావనలు నడిపే పెద్దమనిషి అయ్యాడు. మన పత్రికల్లో మాత్రం ఏదో ఒక కుట్రకు తప్ప సూత్రధారి దొరకడు. రంపం పట్టుకుని బతికిన పదానికి ఇంత పతనం తగదు. మరోవైపు, నాలుగు ముక్కల్లో శాస్త్రమంతా బిగించే వాక్యమూ సూత్రమే. అర మాత్ర మిగిలితే వ్యాకరణవేత్తకు కొడుకు పుట్టినంత సంబరమంటారు. దారాన్ని బిగలాగడమూ మాటను బిగలాగడమూ ఒకే విద్య అని మన పెద్దలు ఏనాడో పోల్చుకున్నారన్నమాట.

ఈ రెండు సూత్రాలూ కలిసిన చోటు శుల్బసూత్రాలు. శుల్బమంటే తాడు. యజ్ఞవేదికలకు ఇటుకలు పేర్చడానికి తాడుతో చతురస్రాలూ మూలమట్టాలూ ఎలా గీయాలో చెప్పే గ్రంథాలివి. బౌధాయనుడు అంగుళాన్ని 34 నువ్వు గింజలు పక్కపక్కన ఆనించి పేర్చినంత అంటాడు. చతురస్రపు కర్ణానికి ఆయన చెప్పిన లెక్క ఇది: భుజానికి దాని మూడో వంతు కలుపు, ఆ మూడో వంతులో నాలుగో వంతు కలుపు, ఆ చివరిదానిలో 34వ వంతు తీసెయ్యి. వచ్చేది 577ను 408తో భాగిస్తే వచ్చే 1.4142157. అసలు విలువ 1.4142136. మీటరు భుజమున్న చతురస్రానికి కర్ణంలో తేడా మిల్లీమీటరులో సుమారు 470వ వంతే. కేటలాగు గొంతు సవరించుకున్న ఆ వెయ్యో వంతు అంగుళంలో ఇది పన్నెండో వంతు. ఇంత చేసి, ఆ కొలతకు పెట్టిన పేరు 'సవిశేషం'. కొంత మిగులుతో కూడినదని, అంటే పూర్తిగా సరికాదని కర్తే ఒప్పుకుంటున్నాడని ఆ మాటకు అర్థం చెప్పేవాళ్ళున్నారు. ఆ అర్థమే ఈ వ్యాఖ్యాతకు రుచిస్తుంది. పైగా ఆ లెక్కను నేల మీద పెట్టేది తాడు. లాగితే సాగుతుంది, తడిస్తే కుంచించుకుపోతుంది. సంఖ్యలో ఉన్న సూక్ష్మత తాడులో ఉండదని తాడు పట్టినవాడికి తెలుసు. ఇంతకీ మనం కంచె గురించి మాట్లాడుకుంటున్నాం.

కంచె విషయంలో ఆ తాడు చెక్కే. వార్షిక వలయాలకు స్పర్శగా కోసిన టేకు పలక వంద మిల్లీమీటర్ల వెడల్పుంటే, లోపలి తేమ ఒక్క శాతం మారినప్పుడు దాదాపు 0.19 మిల్లీమీటరు పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. అంటే వెయ్యో వంతు అంగుళాలు ఏడు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో కోసిన పలకకు శ్రావణమాసపు ముసురులో ఐదు శాతం తేమ ఎక్కితే తేడా దాదాపు మిల్లీమీటరు. కంచె పట్టీ మీద స్కేలును వెయ్యో వంతుకు చదివి కోసిన మనిషి ఏ నెలలో ఆ సంఖ్యను చూసుకుని మురవాలో కేటలాగు చెప్పదు. మందపాటి బ్లేడు ఒక్కో కోతకు సుమారు ఒక నూలు మేర చెక్కను పొట్టు చేస్తుంది. దాన్ని తీసి పలుచటి బ్లేడు పెడితే స్కేలు మీది సున్నా తన చోటు తప్పవచ్చు. స్కేలు మీద ముల్లు గీత మందమే వెయ్యో వంతుకు ఎన్నో రెట్లు; కాస్త పక్కకు వంగి చూస్తే ఇంకో అంకె. కనక ఈ వాక్యంలో 'ప్రిసిషన్' ఉపమాలంకారం లాంటిది. వినడానికి బాగుంటుంది, కోయడానికి పనికిరాదు.

'రిపీటబిలిటీ'ని అలా తీసెయ్యలేం. వాక్యం మొత్తం మీద నిజం మోస్తున్న పదం ఇదొక్కటే. వేదం వల్లించే ఘనపాఠిని చూస్తే దీని సంగతి తెలుస్తుంది. క్రమం, జట, ఘనం అంటూ మాటల్ని ముందుకూ వెనక్కూ తిప్పి తిప్పి చెప్పించే పద్ధతి, అర్థం తెలిసినా తెలియకపోయినా, అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ అదే పలికించడానికి పుట్టింది. మంచి కంచె ఘనపాఠి. అది 300 అన్నచోట నిజానికి 300.4 ఉందా అన్నది దాని బాధ్యత కాదు. జరిపి, వేరే పని చేసుకుని, తిరిగొచ్చి పెట్టినా అదే 300.4 రావాలి. అలమరకు రెండు పక్కలూ ఒకే వెడల్పుంటే అది నిలుస్తుంది. ఆ వెడల్పు ఎంతన్నది గోడకు తెలియదు. పాతకాలపు కంచెలు చాలావరకు ముందూ వెనకా రెండు చోట్ల బిగుసుకునేవి. ముందు బిగిసేసరికి వెనక కొస ఎటు పోయిందో దాని దయ. అమెరికాలో అరిజోనా రాష్ట్రపు కేబినెట్ పనివాడు బీస్‌మేయర్ పేరుతో నిలిచిన కంచె, నక్షాలు గీసేవాళ్ళ టీ-స్క్వేర్ లాగా, ముందు ఒక్కచోటే బిగుస్తుంది. వెడల్పాటి ఆధారం చదరపు ఉక్కు గొట్టాన్ని కరుచుకుంటుంది గనక ఎన్నిసార్లు పెట్టినా అదే కోణం. అందులో గొప్పతనం అంకెలది కాదు, ఆధారపు వెడల్పుది.

పూర్వపక్షం: చెక్క ఉబ్బేదే అయినా, కుసిని (చెక్క నాలుకను) తొలిలో (దానికి తొలిచిన రంధ్రంలో) కూర్చే రోజున పదో వంతు మిల్లీమీటరు తేడాకే కీలు వదులవుతుంది కదా, సూక్ష్మత అక్కర్లేదంటే ఎలా? అక్కర్లేదని ఎవరూ అనలేదు. ఆ సూక్ష్మత స్కేలు మీది కాదు, ఎదుటి తొలితో పోల్చి చూసుకునేది. ఒక ముక్క కోసి, దూర్చి చూసి, మరలు తిప్పి కంచెను కొంచెం జరిపి, మళ్ళీ కోసి చూస్తారు. సన్నని మర ఉన్న కంచె ఇక్కడ నిజంగా పనికొస్తుంది. తిప్పినంతే జరుగుతుంది, తిరిగి అక్కడికే వస్తుంది. అదీ రిపీటబిలిటీయే, పక్కింటి పేరు పెట్టుకుని తిరుగుతోంది. మరొకరి పూర్వపక్షం: తిన్నని పట్టీ ఒకటి, బిగింపు క్లాంపులు రెండు ఉంటే చాలదా, ఇన్ని తరాలు అలాగే కోయలేదా? ఒక్క కొలతకు చాలు. పట్టీ విప్పి మళ్ళీ పెట్టిన క్షణం నుంచి చాలదు. మొదటి ముక్కను నమూనాగా ఉంచుకుంటే గండం గడుస్తుంది. నమూనా పోయి, దాని నకలుకు నకలు కోయడం మొదలైతే తాళపత్రాల్లో లేఖక ప్రమాదాలు పెరిగినట్టు పెరుగుతాయి, పదో ముక్కకు పాఠాంతరం తయారు. ఇద్దరికీ సమాధానం ఒకటే: మంచి కంచె కొనడం తప్పు కాదు, దాని గుణాన్ని వేరే గుణం పేరుతో అమ్మడం తప్పు.

'అప్‌గ్రేడ్' స్పష్టమని మొదట దాటేశాం. దాటనివ్వడం లేదు. చవక యంత్రాలతో వచ్చే కంచెల్లో చాలావాటిని పలుచటి రేకుతోనో అల్యూమినియంతోనో చేస్తారు. కొసను వేలితో నొక్కితే వంగుతుంది, బిగిస్తే ఒరుగుతుంది. మెట్టు పైకెక్కడం అప్‌గ్రేడ్ సరే, అసలు మెట్టే లేని ఇంట్లోకి మెట్టు తెచ్చి పెట్టడాన్ని ఏమనాలి? తలుపు అమ్మి, గడియను మెరుగుదల కింద విడిగా అమ్మడం ఇది. ఇంకో ముచ్చట. కొత్త కంచె తగిలించే ముందు బ్లేడు బల్ల మీది గాడికి సమాంతరంగా ఉందో లేదో చూడాలి. ఒకే పన్నును ముందొకసారి, వెనకొకసారి కొలిస్తే తెలిసిపోతుంది. ఒరిగిన బ్లేడుకు ఎంత ఖరీదైన కంచె తగిలించినా ఒరిగిన బ్లేడే. ఈ పనికి ఓ పూట పడుతుంది, కొనాల్సింది పెద్దగా ఉండదు, అందుకే దీనికి సూత్రం లేదు. బ్లేడు వెనక నిలబడి, కోసిన చెక్క మూసుకుపోయి వెనక పళ్ళను తాకకుండా చూసే పలుచటి రేకు ఒకటుంటుంది. అసలు ప్రాణం కాపాడేది అది. అడ్డొస్తుందని దాన్నే పీకేసి మూల పడేస్తారు. మూలవాక్యంలో దానికి ఒక్క అక్షరం లేదు, అర మాత్ర కూడా లేదు. కంచె మెరుగైతే అంతా మెరుగవుతుందన్న ధ్వని మాత్రం ఉంది.

సవరణ. ప్రతిపదార్థంలో 'మీ' అన్న పదానికి చెప్పిన అర్థం చాలలేదు. 'మీ' అంటే, రెండుసార్లు డబ్బిచ్చేవారి.