ఫ్లెక్సీ చేతికి థంబ్‌నైల్

అనంతపురంలో ఫ్లెక్సీలు డిజైన్ చేసేవానికి దేవుని భయం లేకపోయినా నడుస్తుంది గానీ, ఎవరి ముఖమన్నా మర్చిపోయినానేమో అనే భయం మాత్రం ఉండి తీరాల. పైవరసలో పెద్ద నాయకులు, వాళ్ళ కింద నియోజకవర్గం నాయకులు, కుడిపక్క నిలువెత్తున పుట్టినరోజు పెద్దమనిషి, అడుగున పాస్‌పోర్టు సైజు గుండ్రాల్లో అభిమానులు. ఒక గుండ్రం తగ్గిందంటే ఫ్లెక్సీ స్తంభం ఎక్కకముందే జనం నా షాపు ఎక్కుతారు. సప్తగిరి సర్కిల్ పక్క సందులో నేను ఇల్లు గడుపుకుంటున్నది ఈ విద్యతోనే. పదడుగుల బ్యానర్లో నలభై తలకాయలు సర్ది, ఒకని మీసం ఇంకొకని చెవికి తగలకుండా చూసుకునే మనిషిని.

అట్లాంటివాణ్ణి పట్టుకుని మా అబ్బోడు "ఒక్క ముఖమే పెట్టు నాయనా" అన్నాడు. ఇంట్లో గొడవంతా అక్కడే మొదలైంది.

వాడు డిగ్రీ చదువుతున్నాడని కాలేజీ వాళ్ళంటారు. మాకు కనిపించేది మాత్రం ఇంకో ముగ్గురితో కలిసి ఫోన్లో తుపాకులు కాల్చడమే. ఆట పేరు బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా, అందరి నోట్లో బీజీఎంఐ. 2020 సెప్టెంబర్‌లో కేంద్రం పబ్జీ మొబైల్‌ను నిషేధించినప్పుడు మా ఆవిడ గుళ్ళో టెంకాయ కొట్టించింది. 2021 జులైలో అదే ఆట ఈ కొత్త పేరుతో వచ్చింది. 2022 జులైలో మళ్ళీ ప్లేస్టోర్ నుంచి మాయమైతే ఇంకో టెంకాయ. 2023 మేలో మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత ఆమె టెంకాయలు మానేసింది. 2022 డిసెంబర్‌లో ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల మంత్రిత్వ శాఖ కిందికి తెచ్చినారనే వార్తను వాడు నా షాపులోనే, నా ఇంకుతోనే ప్రింటు తీసి ఫ్రిజ్‌కు అంటించినాడు. ఆమె దాన్ని పైనుంచి కిందికి చదివి, "అయితే మీ పీటీ సార్‌ను ఒకసారి ఇంటికి రమ్మను" అనింది.

టోర్నమెంటంటే పదహారు జట్లు, జట్టుకు నలుగురు, మొత్తం అరవై నలుగురు ఒక మైదానంలో దిగుతారు. వీళ్ళ నలుగురూ చిన్నాచితకా పోటీల్లో ఆడిన మ్యాచులు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడతారు. వీడియోకు ముందు కనపడే బొమ్మ, అదే థంబ్‌నైల్, సొంతంగా పెట్టుకోవాలంటే చానల్‌కు ఒక ఫోన్ నంబరు ఇచ్చి రూఢి చేయాల. వాడు వాళ్ళమ్మ నంబరిచ్చినాడు. ఓటీపీ ఆమెకొచ్చింది. ఆనాటి నుంచి చానల్ తనదే అన్నట్టు మాట్లాడుతుంది. నేను ఉద్యోగిని.

నా మొదటి థంబ్‌నైల్ ఇప్పటికీ షాపు కంప్యూటర్లో భద్రంగా ఉంది. మధ్యలో మావాడు, వెనక కిరణాలు, అటొక సింహం ఇటొక సింహం, జట్టులోని ముగ్గురూ గుండ్రాల్లో. ముగ్గురివీ పెట్టి వాళ్ళ నాయనలవి వదిలేస్తే బాగుండదని ఆ ముగ్గురు పెద్దలనూ పైవరసలోకి ఎక్కించినా. కుడిపక్క అడుగున, ఫ్లెక్సీల్లో 'ఇట్లు' వచ్చే చోట, నా షాపు పేరు, సెల్ నంబరు. వీడియో ఎక్కించి చూస్తే ఆ మూలనే యూట్యూబ్ వాడు నల్లడబ్బా వేసి వీడియో నిడివి రాసినాడు. నా సెల్ నంబరు పోయి ఆరు నిమిషాల చిల్లర కనపడింది. అడుగున మిగిలిన గీతంత జాగా కూడా, సగం చూసి వదిలేసిన వాళ్ళకు ఎర్రగీత కింద మునిగిపోతుందంట.

నిడివి సంగతి వచ్చింది కాబట్టి ఒక రహస్యం. మ్యాచ్ పూర్తిగా అరగంట దాకా నడుస్తుంది. మావాడి వీడియో ఆరు నిమిషాలే ఉందంటే ఐదో నిమిషానికే ఎవడో వాణ్ణి కాల్చేసినాడని లెక్క. నేను పైన ఎన్ని సింహాలు పెట్టినా కింది మూల నిజం చెప్పేస్తుంది. మావాడివి ఎక్కువగా ఆరు నిమిషాల వీడియోలే.

"ఈ నల్ల చుక్కలేంది?" అని మా ఆవిడ అడిగింది ఆ మొదటి థంబ్‌నైల్లో గుండ్రాలు చూపించి. చెనిక్కాయలు ఒలుస్తూ ఫోన్ చేయి చాచినంత దూరంలో పట్టుకుని చూస్తుంది, చత్వారం. అప్పుడర్థమైంది నాకు. 1280కి 720 చుక్కల బొమ్మ చేసి, నేను దాన్ని షాపు మానిటర్ మీద గోడంత పెంచి మీసాలు దిద్దుతా. చూసేవాని ఫోన్లో అది బొటనవేలంత. ఫ్లెక్సీని కూడా దూరం నుంచే చూస్తారు కదా అనుకునేవాణ్ణి. దూరం నుంచి చూసేవాడు బండి ఆపి తన ముఖం ఎక్కడుందో వెతుక్కుంటాడు. థంబ్‌నైల్లో వెతుక్కోను ఎవరి ముఖమూ లేదు, ఎవరికీ ఓపికా లేదు.

రంగుల సంగతి ఇంకా అన్యాయం. ఈ ఆటలో మిరామార్ అని ఒక మ్యాపుంది, పూర్తిగా ఎడారి. దేశంలో జైసల్మేర్ తర్వాత వాన తక్కువ పడేది మన జిల్లాలోనే అని బళ్ళో వల్లెవేసినవాళ్ళం, ఎడారి మాకు కొత్త కాదు. ఆ స్క్రీన్‌షాట్ చూసి ఆమె "కళ్యాణదుర్గం రోడ్డులో నీకేం పనిరా?" అని వాణ్ణి నిలదీసింది. మట్టి రంగు నేల మీద మట్టి రంగు చొక్కా వేసుకుని మట్టి రంగు గోడ చాటున కూర్చున్నాడు మావాడి బొమ్మ. దాని మీద నేను పసుపు అక్షరాలు పరిచినా. ఏదీ కనపడలేదు. బొమ్మను కత్తిరించి, చుట్టూ తెల్ల అంచు గీసి, వెనక నేలను మసకబార్చి కాస్త నీలం వైపు తిప్పితే తప్ప మనిషి లేచి రాలేదు. తెలిసినవాళ్ళకు ఇది పది నిమిషాల పని. నాకు ఒక ఆదివారం పట్టింది, మధ్యాహ్నం సంగటి చల్లారిపోయింది, దాని మీద రాత్రిదాకా మాటలు పడినా.

ఎరుపు విషయంలో మాత్రం తప్పు నాది కాదు, అనంతపురం ఎండది. ఇక్కడ ఫ్లెక్సీ నాలుగు నెలలు నిలబడితే ముందు ఎరుపే వెలిసిపోతుంది. అందుకని నా చేయి అలవాటుగా ఎరుపు ఒక పాలు ఎక్కువే వేస్తుంది. ఫోన్ తెరకు ఎండ తగలదని చేతికి తెలియదు. ధర్మవరం నుంచి మా వదిన ఫోన్ చేసి "అబ్బోనికి ఎండదెబ్బ తగిలిందా, మజ్జిగ తాగించండి" అనింది. అది సరిచేసుకుంటే ఇంకొకటి. ఈ ఆటలో రక్తం ఆకుపచ్చగా ఉంటుంది, చంపడాన్ని 'ఫినిష్' అంటారు, పిల్లలు ఆడే ఆట కదా అని కంపెనీ పెట్టిన మర్యాద. నేను భీకరంగా ఉండాలని ఆ పచ్చరంగును రెండింతలు చేసి చొక్కా మీద చల్లితే, గోంగూర గిన్నె ఒలికినట్టు కనపడింది. "తినేటప్పుడు ఫోన్ పక్కన పెట్టమని చెప్తే వింటాడా వీడు" అని ఆమె వాణ్ణే తిట్టింది.

అక్షరాల దగ్గరన్నా నెగ్గుతాననుకున్నా. అను ఫాంట్లలో పండిపోయిన చేయి ఇది. 'విజయదుందుభి మోగించిన అనంత సింహాల విధ్వంసకాండ' అని రెండు వరసల్లో కొట్టినా. ఫోన్లో 'ధ్వ' దగ్గర ఒత్తూ అక్షరమూ కలిసిపోయి ముద్దగా కనపడింది. తెలుగుకు పైన గుడులుంటాయి, కింద ఒత్తులుంటాయి, రెండు వరసలు దగ్గర పెడితే పై వరస ఒత్తు కింది వరస గుడిలోకి దూరుతుంది. ఇంగ్లిష్‌లో రాసేవానికి ఈ బాధ లేదు. నా ఇన్నేళ్ళ అనుభవం పిండితే తేలింది ఇంతే: ఒత్తుల్లేని మాటలు వెతుక్కో, మూడు దాటనివ్వొద్దు. 'మిగిలింది ఒకడే'. ఒక్క ఒత్తు లేదు. ఎవడు మిగిలినాడో చెప్పలేదు కూడా.

ఆ చెప్పకపోవడమే ఈ విద్యలో అసలు కష్టం. ఫ్లెక్సీ అంటే గెలిచిన తర్వాత కట్టేది. ఎవరు గెలిచినారో అంత పెద్ద అక్షరాల్లో చెప్పడానికే నాకు డబ్బులిస్తారు. రికార్డింగు చూసేవాడు మాత్రం ఫలితం తెలియకుండా కాపాడుకుంటూ వస్తాడు. 2024 జూన్ చివర్లో బీజీఎంఐ దేశస్థాయి పోటీ ఫైనల్స్ హైదరాబాద్‌లో జరిగినాయి. ఆ రోజుల్లో మేము తాడిపత్రిలో పెళ్ళిలో ఉన్నాం. వాడు ఫోన్ కట్టేసుకుని, స్నేహితులతో మాట్లాడక, మౌనవ్రతం పట్టి, మరుసటి రోజు మ్యాచులన్నీ వరసగా చూడాలని కాచుకున్నాడు. పొద్దున ఉగ్గాని ముందు పెట్టుకుని నేను నా ఫోన్ తీస్తే ఎవరో అభిమాని పెట్టిన థంబ్‌నైల్లో కప్పు ఎత్తుకున్న పిల్లోళ్ళు. "టీమ్ ఎక్స్‌స్పార్క్ అంటనే, బాగున్నారు పిల్లోళ్ళు" అని మెచ్చుకున్నా. వాడు ఉగ్గాని, రెండు బజ్జీలు అట్లే వదిలి లేచిపోయినాడు. "అన్నం కాడ బిడ్డను లేపినావు" అని ఆమె ఇప్పటికీ అంటుంది. ఆ బజ్జీలు నేనే తిన్నానని కూడా కలుపుతుంది.

అంత జరిగినాక బుద్ధి రావాల కదా. జట్టు ఒకసారి నిజంగా గెలిచింది. గెలిచిన జట్టుకు తెర మీద 'విన్నర్ విన్నర్ చికెన్ డిన్నర్' అని పడుతుంది ఈ ఆటలో. నా లోపలి ఫ్లెక్సీవాడు లేచి కూర్చున్నాడు. ఒక హోటల్ ప్రారంభోత్సవానికి వాడిన బిర్యానీ పళ్ళెం ఫొటో నా దగ్గరే ఉంది. దాన్ని మధ్యలో పెట్టి, 'చికెన్ డిన్నర్' అని పొగలు గక్కే అక్షరాలతో శనివారం పొద్దున ఎక్కించినా. శనివారం ఇంట్లో నీచు తలవరు, ఆ తిట్లు వేరే. మా ఆవిడ అక్క, పాపం, మొత్తం చూసి ఫోన్ చేసింది: "అంతా బాగుంది గానీ మసాలా ఎప్పుడేసినారో కనపడలేదే". మిగతా జనానికి అంత ఓపిక లేదు, తుపాకీ మోత వినగానే పారిపోయినారు. థంబ్‌నైల్లో ఒకటి, వీడియోలో ఇంకొకటి పెట్టేవాళ్ళ మీద చర్య తీసుకుంటామని యూట్యూబ్ 2024 డిసెంబర్‌లో మన దేశం గురించే ప్రత్యేకంగా ప్రకటించింది. వార్తల్లాంటి విషయాల్లో మోసాలకు సంబంధించింది అది. నా బిర్యానీ కోసమే అన్నట్టు ఆమె నాకు రెండుసార్లు చదివి వినిపించింది.

దారి చూపించింది మా అన్న కూతురు, చదరంగం పిచ్చిది. 2025లో రియాద్‌లో జరిగిన ఈ-స్పోర్ట్స్ వరల్డ్ కప్‌లో మొదటిసారి చదరంగాన్నీ చేర్చినారు. మన వరంగల్ అర్జున్ ఎరిగైసి సెమీఫైనల్ దాకా పోయి నాలుగో స్థానంలో నిలిచినాడు. ఆ ఆటల మీద తను చేసిన వీడియోకు బొమ్మ చేయమంటే, నేను యథాప్రకారం కిరణాలు వేసినా. అది చూసి "చిన్నాయనా, గెలిచే ఎత్తు వేసినాక బొమ్మ ఎందుకు? వేయబోయే ముందు బోర్డు చూపించు, ఏం వేస్తాడో జనమే ఆలోచించుకుంటారు" అనింది. ఇంతే కదా కిటుకు! ఇంటర్ చదివే పిల్ల చెప్పేదాకా నలభై తలకాయలు సర్దే నాకు తట్టలేదు.

ముఖం ఏది పెట్టాల అనేదొకటి మిగిలింది. అందరూ నోరు తెరుచుకుని ఆశ్చర్యపోతున్నారు గదా అని మావాణ్ణి షాపులో కూర్చోబెట్టి దవడ నొప్పి పుట్టేదాకా తెరిపించినా. మిస్టర్ బీస్ట్ అనే అమెరికా యూట్యూబర్, ప్రపంచంలో అందరికన్నా పెద్ద చానల్ ఆయనది, తన థంబ్‌నైళ్ళలో నోరు మూసుకుంటే జనం ఎక్కువసేపు చూస్తున్నారని తానే చెప్పినాడంట. అది విని మా ఆవిడ నా వైపు తిరిగి, "నేను పెళ్ళైనప్పటి నుంచి చెప్తాండేది అదే" అనింది.

చివరికి యూట్యూబ్‌లోనే ఉన్న పరీక్షకు పెట్టినాం. ఒకే వీడియోకు మూడు థంబ్‌నైళ్ళు ఇస్తే, జనానికి మార్చి మార్చి చూపించి, దేనివల్ల వీడియో ఎక్కువసేపు చూస్తున్నారో లెక్కకట్టి చెబుతుంది. ఎంతమంది నొక్కినారన్నది కాదు, ఎంతసేపు నిలిచినారన్నదే లెక్క. ఒకటి నాది, సింహాలు తగ్గించి. ఒకటి వాడిది. మూడోది ఆమె ఇచ్చింది. అర్ధరాత్రి ఆమె చప్పుడు చేయకుండా వాని గది తలుపు తీసి లైటు వేస్తూ ఫోన్లో తీసిన ఫొటో అది. దుప్పటి కింద నుంచి సగం బయటికొచ్చిన ముఖం, చెవిలో ఇయర్‌ఫోను, నోరు గట్టిగా మూసుకుని, కళ్ళు మాత్రం తలుపు వైపు. ఆ కళ్ళలో ఉన్న భయం ఏ స్టూడియోలోనూ దొరకదు. పక్కన 'మిగిలింది ఒకడే' అని నేను రాసినా. నా వంతు అంతే.

అదే గెలిచింది. నాది మూడో స్థానం. మూడే ఉన్నాయి కాబట్టి అంతకన్నా కిందికి పోలేదు.

పుట్టినరోజులకు, పెళ్ళిళ్ళకు, ఓపెనింగులకు ఫ్లెక్సీ కావాలంటే మా షాపుకే రండి, ఒక్క ముఖం కూడా తప్పిపోనివ్వను. థంబ్‌నైల్ కావాలంటే మాత్రం ఇంటికి రండి, ఆమె చూసి చెబుతుంది. కాకపోతే సీరియల్ అయిపోయినాక రండి, శనివారం మాత్రం రావద్దు.