పాచిక ముందు తలకిందుల సలహాలు

సంభావ్యతలు అంచనా కట్టేటప్పుడు మీ సందిగ్ధతను తగ్గించుకోవద్దు, పెంచండి. చేతిలో ఉన్న సమాచారం ఇక చాలు అని అడ్డుపడేదాకా పెంచండి. సందిగ్ధతకు ఎంట్రొపీ అనే కొలతను 1948లో క్లాడ్ షానన్ ఇచ్చాడు. దాన్ని ఇలా వాడమని 1957లో భౌతిక శాస్త్రవేత్త ఇ.టి. జేన్స్ చెప్పాడు. వినడానికి పెడసరంగా ఉన్నా, నా దృష్టిలో ఇంతకంటే నిజాయతీ గల పద్ధతి లేదు.

జేన్స్ చెప్పిన పాచికనే తీసుకోండి. చాలాసార్లు వేస్తే సగటు 3.5 రావాల్సింది 4.5 వచ్చింది. మరేమీ తెలియదు. ఏ ముఖానికి ఎంత సంభావ్యత ఇవ్వాలి? చురుకైనవాళ్లు 3, 4, 5, 6లకు తలా పావు పంచేస్తారు. సగటు 4.5కు సరిపోతుంది కూడా. మరి 1, 2 అసలు పడవని వాళ్లకెవరు చెప్పారు? ఈ పంపకం ఎంట్రొపీ 1.386. అదే సగటుతో ఎంట్రొపీని గరిష్ఠానికి తీసుకెళ్తే 1.614 వస్తుంది. అప్పుడు 1 నుంచి 6 దాకా సంభావ్యతలు సుమారుగా 0.054, 0.079, 0.114, 0.165, 0.240, 0.347. ఏదీ సున్నా కాదు.

అంచనా తప్పితే సంతోషించండి. ఇది నాకు మరీ ఇష్టమైన సలహా. స్విట్జర్లాండ్ ఖగోళ శాస్త్రవేత్త రుడాల్ఫ్ వోల్ఫ్ ఓ తెల్ల పాచికను 20,000 సార్లు వేసి లెక్క రాసిపెట్టాడు. సగటు 3.598. సగటు ఒక్కటే తెలిస్తే సంభావ్యతలు 1 నుంచి 6 వరకు వరసగా పెరగాలి. వోల్ఫ్ లెక్కలో 3, 4 మాత్రం వెనకబడ్డాయి, 0.145, 0.142 దగ్గర ఆగిపోయాయి. జేన్స్ ఆ తేడాను పట్టుకుని పాచిక ఆకారంలోకే వెళ్లాడు. చుక్కల కోసం తొలిచిన గుంటలు 6 ఉన్న వైపును తేలిక చేశాయి, 3-4 దిశలో పాచిక కాస్త పొడుగైంది. అంచనా తప్పకపోతే ఆ పొడుగు సంగతి అడిగేవాళ్లే ఉండరు.

పదిసార్లు వేసి వచ్చిన సగటును మాత్రం అసలు సగటుగా తీసుకోకండి. లేని సమాచారాన్ని ఉన్నట్టు రాసుకోవడమే అది.

4.5 సగటు పాచికకు ఇచ్చిన సంభావ్యతల మీద నమ్మకం కుదరకపోతే కాగితం తీసుకోండి. 1తో మొదలుపెట్టి, ప్రతిసారీ 1.45తో హెచ్చిస్తూ ఆరు సంఖ్యలు రాయండి. ఒక్కోదాన్నీ మొత్తంతో భాగించి, వాటిని 1 నుంచి 6 దాకా ముఖాల సంభావ్యతలుగా తీసుకుని సగటు కట్టి చూడండి.