సద్దు గిట్టని పెద్దమనిషి

ప్రతి అపార్ట్‌మెంటులోనూ సద్దు గిట్టని పెద్దమనిషి ఒకరుంటారు. రిటైరై ఉంటారు. వంశానికంతటికీ వినికిడి ఈయన ఒక్కరికే వచ్చిందేమో అనిపిస్తుంది. పై ఫ్లాటులో కుర్చీ జరిగితే చాలు, ఫోను మోగుతుంది: "ఏమండీ, రోలు దొర్లిస్తున్నారా?" మర్నాడు ఆయనే కుర్చీ కాళ్లకు రబ్బరు తొడుగులు కొని తెచ్చిస్తారు, డబ్బులు కూడా తీసుకోరు. కుక్కరు రెండో విజిలు వేసేసరికి వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తారు. "నన్ను చూస్తే ఏం లాభం? నోరు మూసుకుని ఉడకమని ఆ పప్పుకి చెప్పండి" అంటుంది వాళ్లావిడ. రాత్రి పడుకోబోయే ముందు గోడ గడియారంలోంచి సెల్లు తీసేస్తారు. పొద్దున మళ్లీ వేస్తారు గానీ ముల్లు తిప్పడం మర్చిపోతారు. ఆ ఇంట్లో టైము అడిగినవాడు బస్సు అందుకున్న దాఖలా లేదు.

మా అపార్ట్‌మెంటులో ఉన్నాయనకి మొన్న వేసవిలో కోరిక తీరింది. అర్ధరాత్రి కరెంటు పోయింది. ఇన్వర్టరు కూడా చేతులెత్తేసింది. ఫ్యాను, ఫ్రిజ్జు, నీళ్ల మోటారు, ఎదురింటి ఏసీ అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆయన హాయిగా కాళ్లు చాపుకున్నారు. కాసేపటికే లేచి కూర్చున్నారు.

"ఏమోయ్, ఎక్కడో కీచుమంటోంది, విన్నావా?"

"నాకేం వినపడట్లేదు, పడుకోండి."

ట్యూబులైటు చోకేమో అనుకున్నారు. కరెంటే లేదాయె. టార్చి పట్టుకుని హాల్లోకి వెళ్తే కీచు కూడా హాల్లోకొచ్చింది, బాల్కనీలోకి వెళ్తే బాల్కనీలోకీ వచ్చింది. తలగడకి చెవి ఆనిస్తే లోపల ఎవరో పిండి దంపుతున్నారు. అది తన గుండేనని తెలిశాక ఇక నిద్రెక్కడిది?

పాపం, ఆయన చెవి చెడిందేమీ లేదు. చుట్టూ సద్దు తగ్గేకొద్దీ మెదడు వాల్యూము పెంచి మరీ వెతుకుతుందని, బయట ఏమీ దొరక్కపోతే లోపలి రొదే వినిపిస్తుందని శాస్త్రజ్ఞులు అంటారు. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు, చెవులు బాగున్న 80 మందిని నిశ్శబ్దమైన గదిలో కూర్చోబెట్టి ఏం వినపడుతోందని అడిగారు. నూటికి 94 మంది ఏదో ఒక మోత చెప్పారు. అమెరికన్ సంగీతకారుడు జాన్ కేజ్ కూడా అంతకు ముందే హార్వర్డ్‌లో ప్రతిధ్వని లేని గదిలోకి నిశ్శబ్దం వినడానికి వెళ్లి, ఒక సన్న మోత, ఒక బొంగురు మోత విని బయటికొచ్చాడు. మనాయనకి ఈ సంగతి చెబితే, "అయితే ఆ గదికి అసోసియేషన్ లేదా?" అన్నారు.

ఆదివారం మీటింగులో లేచి నిలబడి ఒక ప్రతిపాదన పెట్టారు. కరెంటు పోయిన మరుక్షణం జనరేటరు వెయ్యాలి, ఫ్లాట్లకి లైను ఇవ్వలేకపోయినా ఫర్వాలేదు, దాని చప్పుడు మాత్రం అన్ని పడగ్గదుల్లోకీ వినపడాలి. సెక్రటరీ మినిట్సు పుస్తకం వెనక్కి తిప్పి చూపించాడు. మోత భరించలేకపోతున్నామంటూ పోయినేడు ఆ జనరేటరుని అమ్మించేసింది కూడా ఆయనే.