ప్రతులకు: రచయిత, పొదిలి (టీకా తాత్పర్యసహితం)

మూలం: ప్రథమ ముద్రణ. ప్రతులు: 500. వెల: అమూల్యం. ప్రతులకు: రచయిత, పొదిలి.

అవతారిక. పొదిలి మాస్టారొకాయన తొలి నవల అచ్చేయించాడనుకుందాం. అట్ట తిప్పగానే ఎవరూ చదవని పుట ఒకటి వస్తుంది. పై మూలం అక్కడిదే. యతిప్రాసలు లేవు, విషాదం ఉంది గనుక గద్యకావ్యమని నిర్ణయం.

ప్రథమ ముద్రణ: స్పష్టం. రెండోది వస్తుందన్న ధ్వని మాత్రం కవిసమయం.

ప్రతులు 500: "ఇంత పెద్ద జిల్లాలో అయిదువందలు చెల్లవా?" అని పూర్వపక్షం. సమాధానం మాస్టారి ఇంటి అటక మీద ఉంది. పురికొసతో బిగించిన ఖాకీ కాగితం కట్టలు, ఒక్కోదాంట్లో పాతిక. ప్రతి కట్టలోనూ పైపుస్తకం అట్ట అంచున పురికొస కోసుకుపోయిన గాటు ఉంటుంది. ఆ గాటు పుస్తకాలనే సమీక్షకులకు పంపుతారని సంప్రదాయజ్ఞులు.

ఇక్కడ కొంత ప్రసంగం అవసరం. అవసరం లేనిది చెప్పనని మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు గానీ ఈ టీకాకారుడు పెట్టుకోలేదు. పూర్వం కావ్యానికి అవతారిక ఉండేది: ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతి, కుకవినింద, కృతిపతి వంశవర్ణన, చివర షష్ఠ్యంతాలు. నేటి తొలి నవలలోనూ ఇవన్నీ పదిలం. నాలుగు ముందుమాటలు దేవతాస్తుతి. 'నా మాట'లో పాత నవలాకారుల పేర్లన్నీ వరస పెట్టడం పూర్వకవిస్తుతి. బహుమతి ఇవ్వని పోటీల మీద విసురు కుకవినింద. ఇక డి.టి.పి. చేసినవారికి, అట్టబొమ్మ వేసినవారికి, కాగితం అప్పిచ్చినవారికి, ప్రూఫులు చూసిన బావమరిదికి అంటూ సాగే కృతజ్ఞతలు సాక్షాత్తూ షష్ఠ్యంతాలే. విభక్తి కూడా తప్పలేదు.

తప్పింది కృతిపతి. కందుకూరు దగ్గరి గుడ్లూరు ఎర్రనకు అద్దంకి ప్రోలయ వేమారెడ్డి దొరికాడు, హరివంశం అంకితమైంది. ఇదే ఎర్రన రామాయణం కూడా రాశాడు. అది నేడు దొరకదు. రాజాస్థానంలో ఉన్న కవి పుస్తకానికే ఆ గతి పట్టింది. పొదిలి మాస్టారి కృతిపతి ఎవరంటే జి.పి.ఎఫ్. లోను. ఆ ఏడు మిర్చికి ధర పలికితే మామగారు.

కందుకూరి వీరేశలింగం గారి సంగతీ చూడాలి. రాజశేఖర చరిత్రము 1878లో ఆయన సొంత పత్రిక వివేకవర్ధనిలో మొదలై 1880లో పుస్తకమైంది. అంటే 'ప్రతులకు: రచయిత' అన్న తంటా తెలుగు నవలతోపాటే పుట్టింది. కానీ ఆ నవల మీద కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి గారు సుదీర్ఘంగా విమర్శ రాశారు. తప్పులు పట్టాలంటే ముందు చదవాలి కదా!

ఇప్పుడు ఆవిష్కరణ సభ. రంగు కాగితం విప్పి, అట్ట కెమెరా వైపు తిప్పి పట్టుకున్న అయిదుగురు వక్తల్లో నలుగురు "పూర్తిగా చదవలేదు గానీ" అని అందుకుంటారు. ఈ వాక్యానికి టీక రాయడం ఈ టీకాకారుడికి చేతకాదు, ఒళ్లు మండుతుంది. మాస్టారు మూడేళ్లు రాశాడయ్యా! ముప్పై పేజీలైనా తిప్పి రాకూడదా? శాలువా కప్పడానికి చదువుతో పని లేదని తెలిసే వస్తారు.

శ్రద్ధగల పాఠకుడంటే ఆనాటి మద్రాసు ప్రభుత్వమే. గుంటూరు ప్రాంతపు ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో రాసిన మాలపల్లి 1922లో వచ్చింది. పీఠిక రాసింది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు. మరుసటేడే నిషేధం. ఆ గొడవ 1937 దాకా తీరలేదు. కూలీల కథ రాసిన పాపానికి అన్నేళ్లు పట్టింది. కానీ ఎవరో ఒక అధికారి కూర్చుని చదివాడు, పుస్తకానికి బలముందని భయపడ్డాడు. ఇవాళ్టి తొలి నవలాకారుడికి ఆ భయం కూడా దక్కదు.

వెల: అమూల్యం. 'మీ ఆదరణ' అని పాఠాంతరం. రెండిటికీ ఫలితం ఒకటే: సభకు వచ్చినవాళ్లు ఊరికే పట్టుకుపోతారు. వెల వేసినా దుకాణం కమిషన్ నూటికి నలభై దాకా పోతుంది. పోస్టులో పంపుదామా? చవగ్గా పోయే రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబరులో ఎత్తేశారు. 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం. అది చదువు, సంస్కృతి, మతం లాంటి విషయాల పుస్తకాలకట. పొదిలి నవల ఇందులో ఏ కోవ కిందికి వస్తుందో కౌంటరు దగ్గర మీమాంస చేసుకోవాలి.

తాత్పర్యం. 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ ముప్పై రోజుల్లోగా, సొంత ఖర్చుతో, కలకత్తా, మద్రాసు, బొంబాయి, ఢిల్లీల్లోని నాలుగు గ్రంథాలయాలకు పంపాలి. ఆ జాబితాలో పొదిలి గ్రంథాలయం లేదు. ఇంటి పన్ను రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్న ఊరివాళ్లు మాస్టారి దగ్గర ఒక ప్రతి కొని అక్కడ ఇవ్వాలని ప్రార్థన. డబ్బిచ్చి కొనండి. గాటు పడని ప్రతి అడిగి తీసుకోండి.