ఒంటి పద్దు

బాబాయి జిల్లా ఖజానా కార్యాలయంలో పద్దులు చూసి రిటైరయ్యాడు. కాకినాడలో ఆయనతో పనిచేసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు: ఆయన సంతకం పడిన చిట్టాలో పైసా తేడా రాలేదని. సాయంత్రం లెక్క కుదరకపోతే రాత్రి ఎంత పొద్దుపోయినా కుర్చీలోంచి లేచేవాడు కాదు. "ఇవాళ్టి ముగింపు నిల్వ రేపటి ప్రారంభ నిల్వ కావాలి. కాలేదంటే మధ్యలో ఎవరో తీసినట్టే" అని కొత్తగా చేరిన గుమస్తాలకు మొదటిరోజే చెప్పేవాడట.

అలాంటి మనిషికి అరవై నాలుగో ఏట షుగరు బయటపడింది. హెచ్‌బీఏ1సీ 9.1 వచ్చింది. ఎర్ర రక్తకణాల ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి, ఆ ఒక్క అంకె గడిచిన రెండు మూడు నెలల సగటు చక్కెరను చెబుతుంది. పరీక్షకు ముందు రెండు రోజులు పస్తుంటే మారే అంకె కాదు. డాక్టరు మందు రాసి, "అన్నం తగ్గించండి, నడవండి" అన్నాడు.

"ఎంత తగ్గించాలండీ?" అని అడిగాడు బాబాయి.

"సగం."

"ఇప్పుడు ఎంత తింటున్నానో తెలిస్తే కదండీ, సగం ఎంతో తేలేది?"

ఆ ప్రశ్న నాకు చాలా నచ్చింది. మన ఊళ్ళలో ప్రతి షుగరు రోగికీ ఆ సలహా దొరుకుతుంది. ఎంతలోంచి ఎంత తగ్గించాలో మాత్రం ఎవరూ కొలవరు. మొదటి వారం భయంతో కంచం చిన్నదవుతుంది, మూడో వారానికి మళ్ళీ మామూలే. కొలిచినవాడికే ఒళ్ళు మాట వింటుందని నేను గట్టిగా నమ్ముతాను. బాబాయి దాన్ని నా కళ్ళముందు చేసి చూపించాడు.

ముందు ఫోనులో యాప్‌లు చూశాడు. "ఒక కప్పు దాల్" అని అడుగుతాయి అవి. ఎవరింటి కప్పు? ముద్దపప్పా, పప్పుచారా, గోంగూర పప్పా? మూడింటికీ ఒకటే అంకె చూపిస్తే ఖజానా మనిషికి ఎలా మింగుడు పడుతుంది? కొడుకు వాడి వదిలేసిన డెస్క్‌టాప్ కంప్యూటర్ ముందు గదిలో ఉంది. అందులో ఎక్సెల్ తెరిచి, ఒక కొత్త ఫైలు మొదలుపెట్టి, దానికి 'ఒంటి పద్దు' అని పేరు పెట్టాడు.

కంప్యూటర్లో లెక్క రాసి ఒళ్ళు తగ్గించుకున్నవాళ్ళు ముందే ఉన్నారని నేను చెబితే ఆయనకు హుషారు వచ్చింది. ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ సంస్థను స్థాపించినవాళ్ళలో జాన్ వాకర్ ఒకాయన. తన బరువు తగ్గించుకోవడానికి ఇంజనీరు పద్ధతిలో ఒక దారి వేసుకుని, దాన్ని 1991లో 'ది హ్యాకర్స్ డైట్' పేరుతో పుస్తకంగా రాశాడు. దానికి తోడుగా ఎక్సెల్ పట్టికలు కూడా ఇచ్చాడు. ఒంట్లో నీళ్ళు, తిన్న ఉప్పు వల్ల బరువు రోజూ పైకీ కిందికీ ఊగుతుంది. ఆ ఊగిసలాట చూసి కంగారుపడకూడదు అంటాడాయన. అందుకు చిన్న సూత్రం: నిన్నటి ధోరణి అంకెకూ ఇవాళ్టి బరువుకూ ఉన్న తేడాలో పదో వంతు మాత్రమే నిన్నటి అంకెకు కలపాలి. అలా గీసిన గీత నెమ్మదిగా కదులుతుంది, కానీ నిజం చెబుతుంది. బాబాయి ఆ సూత్రాన్ని ఒక్క పూటలో గడుల్లోకి ఎక్కించాడు.

తిండి లెక్క అంత సులువుగా తెగలేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు వెలువరించింది. అందులో 528 పదార్థాలున్నాయి. బాబాయి మా ఇళ్ళలో వండుకునేవన్నీ అందులోంచి ఏరి రెండో షీటులో ఎక్కించాడు. శక్తిని ఆ పుస్తకం కిలోజౌళ్ళలో ఇస్తుంది కాబట్టి ప్రతి అంకెనూ 4.184తో భాగించుకున్నాడు. వంద గ్రాముల తెల్లబియ్యం 1,491 కిలోజౌళ్ళు, అంటే 356 కేలరీలు. అయితే అది పచ్చి బియ్యం లెక్క. అన్నమయ్యాక నీళ్ళు పీల్చుకుని తూకం రెండున్నర, మూడు రెట్లవుతుంది. కంచంలో ఉన్నది అన్నం, పుస్తకంలో ఉన్నది బియ్యం. ఈ రెంటినీ కలపాలి.

దానికి ఆయన నాలుగు గడులు పెట్టాడు. పచ్చి తూకం, వండిన తూకం, తిన్నది, నిల్వ. 150 గ్రాముల బియ్యం వండితే 420 గ్రాముల అన్నం అయిందనుకుందాం. తను తిన్నాక గిన్నె మళ్ళీ తూస్తే 280 ఉంది. అంటే తిన్నది 140, వండినదాంట్లో మూడో వంతు. అంటే 50 గ్రాముల బియ్యం, 178 కేలరీలు. పప్పుకీ, కూరకీ, పులుసుకీ ఇదే పద్ధతి. ఏ కప్పుతోనూ పనిలేదు, ఏ అంచనాతోనూ పనిలేదు.

తూకం పని పిన్నిది. వంటింటి గట్టు మీద చిన్న డిజిటల్ కాటా పెట్టుకుని, ఖాళీ గిన్నె బరువు సున్నా చేసి, పోసిన ప్రతిదీ తూచి అంకె కేకేసేది. ముందు గదిలో బాబాయి కొట్టుకునేవాడు. "కందిపప్పు నలభై!" "నలభై." "నూనె ఎనిమిది!" "ఎనిమిదా? నిన్న ఆరే కదా?" "వంకాయలండీ, పీల్చేస్తాయి." భోజనమయ్యాక మళ్ళీ గిన్నెలన్నీ కాటా ఎక్కేవి. నిల్వ అంకెలు పడ్డాక బాబాయి కాసేపు నడుం వాల్చేవాడు. కూర వండిన చెయ్యే కాటా కూడా పట్టకపోతే ఆ ఫైలు వారం కూడా నడిచేది కాదు. ఆ మాట బాబాయే నలుగురిలో చెప్పేవాడు.

పొద్దుట నడక ఎన్ని నిమిషాలో, రాత్రి నిద్ర ఎన్ని గంటలో కూడా రాసుకునేవాడు. చివరి గడి 'మనసు'. పదికి ఎన్ని మార్కులో పడుకోబోయే ముందు వేసుకునేవాడు. మొదట్లో నాలుగులూ అయిదులూ ఉండేవి.

కొన్ని నెలల అంకెలు పోగయ్యాక ఆయన వాటిని అటూ ఇటూ పేర్చి చూడటం మొదలుపెట్టాడు. ఒకరోజు నన్ను పిలిచి గ్రాఫు చూపించాడు. "చూడరా. మధ్యాహ్నం నిల్వ ఎక్కువున్న రోజుల్లోనే సాయంత్రం నా కేలరీలు పెరుగుతున్నాయి. ఎందుకో తెలుసా? ఐదింటికి వంటింట్లోకి వెళ్తాను. గిన్నెలో చల్లన్నం కనిపిస్తుంది, పక్కనే ఆవకాయ జాడీ. చెయ్యి ఊరుకోదు. గిన్నెలో లేకపోతే తినను."

అందరూ తినాలనిపించడాన్ని మనసు బలహీనత అనుకుని తమను తాము తిట్టుకుంటారు. ఆయన మాత్రం అది ఎప్పుడు, ఎక్కడ, దేని పక్కన కలుగుతోందో పట్టుకున్నాడు. లెక్క రాసుకోవడంలోని అసలు బలం ఇదేననిపించింది నాకు.

ఆ రోజే నిల్వ గడికి రంగులు పెట్టాడు. అన్నం నిల్వ 150 గ్రాములు దాటితే గడి ఎరుపు, యాభైలోపు ఉంటే ఆకుపచ్చ. "ఇవాళా ఎరుపేనే" అని ముందు గదిలోంచి అనేవాడు. "రేపు గుప్పెడు తగ్గించి పోస్తాలెండి" అనేది పిన్ని. వారం వారం ఎర్ర గడులు తగ్గి, ఆకుపచ్చవి పెరిగాయి. ఐదింటికి వంటింట్లోకి వెళ్ళినా గిన్నెలు బోర్లించి ఉండేవి. రెండు పల్లీలు నోట్లో వేసుకుని వచ్చేసేవాడు.

ఫలితం అందరూ చూశారు. ఏడాది తిరిగేసరికి హెచ్‌బీఏ1సీ 6.4కు వచ్చింది. బరువు పదకొండు కిలోలు తగ్గింది. డాక్టరు మందు మోతాదు సగానికి దించాడు. 'మనసు' గడిలో ఎనిమిదులూ తొమ్మిదులూ పడసాగాయి. మా చుట్టాల్లో షుగరున్నవాళ్ళు పెన్‌డ్రైవులు పట్టుకొచ్చి ఆ ఫైలు ఎక్కించుకుని వెళ్ళారు. మా మేనత్త కూతురి పెళ్ళిలో బాబాయీ పిన్నీ పక్కపక్కన నిలబడితే, "ఇద్దరూ భలే సన్నబడ్డారే" అని అందరూ మెచ్చుకున్నారు. పిన్ని నవ్వి, జాకెట్లన్నీ కుట్లు వేయించుకోవాల్సి వచ్చిందని చెప్పింది.

ఆ పెళ్ళయిన కొన్నాళ్ళకు పెరట్లో బట్టలు ఆరేస్తూ పిన్ని కళ్ళు తిరిగి పడిపోయింది.

ఆసుపత్రిలో పరీక్షలు చేశారు. హిమోగ్లోబిన్ 7.1. ఆడవాళ్ళకు పన్నెండు ఉండాలి; ఎనిమిదికి దిగువనుంటే తీవ్రమైన రక్తహీనత అంటారు. బరువు 41 కిలోలు. బీ12 కూడా బాగా తక్కువ. లోపల ఎక్కడైనా రక్తం పోతోందేమోనని రెండు రోజులు వెతికారు. ఎక్కడా ఏమీ లేదు. థైరాయిడ్ సరిగానే ఉంది. "తేడా తిండిలోనే ఉండాలి" అని చెప్పి డాక్టరు పోషకాహార నిపుణురాలి దగ్గరికి పంపాడు.

బాబాయి ఇంటికెళ్ళి పెన్‌డ్రైవు తెచ్చాడు. "మా ఇంట్లో ఏ రోజు ఏం వండామో, ఎంత నూనె పోశామో అన్నీ ఇందులో ఉన్నాయమ్మా. మీకు పనికొస్తుందేమో చూడండి" అని ఆమె చేతికిచ్చాడు. ఆ చెయ్యి వణకడం నేను చూశాను. భార్య అంటే ఆయనకు ప్రాణం. అందులో నాకెప్పుడూ సందేహం లేదు.

ఆ అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. ముందు పిన్ని వైపు తిరిగింది. పేరు, వయసు ఫారంలో రాసుకుని, "ఇక్కడికొచ్చే ముందు రోజు పొద్దున్నుంచి ఏమేం తిన్నారో చెప్పండమ్మా" అని అడిగింది.

"మామూలేనమ్మా. అందరం తినేదే."

"అన్నం ఎంత పెట్టుకుంటారు?"

"సరిపడా పెట్టుకుంటాను."

"ఎంతమ్మా?"

పిన్ని బాబాయి వైపు చూసింది. ఆ అమ్మాయి ఇక ఒత్తిడి చేయకుండా ఫైలు తెరిచింది. కాసేపు కిందికీ పైకీ జరిపి చూసి, "చాలా బాగుంది సార్. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఇంత శ్రద్ధగా రాసినవాళ్ళను చూడలేదు" అంది. మనస్ఫూర్తిగానే అంది. "ఈ నిల్వ అంటే ఏంటి సార్?"

"వండినదాంట్లోంచి నేను తిన్నది తీసేస్తే గిన్నెలో ఉన్నది."

"మరి ఈ పూట నిల్వ రాత్రి లెక్కలోకి ఎత్తి రాయలేదేం సార్? రాత్రికి మళ్ళీ అన్నీ కొత్తగా వండినట్టుంది. మర్నాటి లెక్కలోనూ కనిపించట్లేదు."

బాబాయి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. మౌసు తన చేతిలోకి తీసుకుని ఒక నెల వెనక్కి వెళ్ళాడు. ఇంకో నెల వెనక్కి వెళ్ళాడు. ఫైలు మొదలైన రోజు దాకా వెళ్ళాడు. ప్రతి పూటా ముగింపు నిల్వ ఉంది. ఏ రోజుకూ ప్రారంభ నిల్వ లేదు.

"పారేస్తారా అమ్మా?" అని పిన్నిని అడిగింది ఆ అమ్మాయి.

"అయ్యో, అదేం మాట తల్లీ! మా ఇంట్లో మెతుకు పారేయను."

"అది సరిపోకపోతే విడిగా ఏమైనా వండుకుంటారా?"

"నా ఒక్కదాని కోసం మళ్ళీ కుక్కరేం పెడతానమ్మా? మజ్జిగ తాగుతాను. పైగా మళ్ళీ వండితే ఆయనకు కనిపిస్తుంది. ఆయన షుగరు దిగాలి కదా?"

ఆ అమ్మాయి ఇంకేమీ అడగలేదు. పిన్ని ఫారం దగ్గరికి లాక్కుంది. పడిపోవడానికి ముందు రోజు వరుస వెతికి పట్టుకుని, అందులోని నిల్వ గడి చూస్తూ మధ్యాహ్న భోజనం అన్నచోట ఒక్కొక్కటే రాసుకుంది: అన్నం 42 గ్రాములు, పప్పు 30, బీరకాయ కూర 25. కలం మూసి బాబాయి వైపు తిరిగింది.

"అమ్మగారిని ఇంక అడగాల్సిన పని లేదు సార్. ఆవిడేం తిన్నదీ మీరే రోజూ రాసి పెట్టారు. ఆకుపచ్చ గడుల్లో."