జానెడు గీత

నా ముందు బంపరుకు ఎడమ మూలన జానెడు గీత ఒకటుంది. నేను రోజంతా ఎండలో తిరిగి తెచ్చేదానికంటే అది కదలకుండా ఎక్కువ సంపాదించి పెట్టింది. బాగు చేయిస్తే పోయేదే. చేయిస్తే దాంతోపాటు ఆదాయమూ పోతుంది కాబట్టి మా యజమాని దాని జోలికి పోలేదు.

నేను సోనెట్‌ని, కియా వాళ్ల బండిని. పుట్టింది 2021లో, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో. అప్పటికది అనంతపురం జిల్లా. మరుసటేడు ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా అయింది గానీ, ఊరడిగితే ఇప్పటికీ అనంతపురమనే చెబుతాను. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప, అదీ అదను తప్పి పడుతుంది. వేరుశనగ విత్తి మొగులు వంక చూసే నేల అది. అక్కడ 2017లో 536 ఎకరాల్లో ఫ్యాక్టరీకి ఒప్పందం రాసుకున్నారు. 2019లో మొదటి బండి, సెల్టోస్, బయటికొచ్చింది. ఏడాదికి మూడు లక్షల బళ్లు చేయగల ఫ్యాక్టరీ, కరువు సీమలో. నీళ్లెక్కడివంటారా? శ్రీశైలం దగ్గర ఎత్తిపోసిన కృష్ణ నీళ్లు హంద్రీ-నీవా కాలువ పట్టి గొల్లపల్లి రిజర్వాయరుకు చేరతాయి, అక్కడి నుంచి మాకు. రంగు వేసే ముందు నన్ను ముంచి తీసిన తొట్లలో ఉన్నది ఆ నీళ్లే. చుట్టుపక్కల చేలకు అందని నీళ్లు నా ఒంటికి అందాయి. ఆ సంగతి నేనెప్పుడూ గర్వంగా చెప్పుకోను.

పెయింట్ షాపు గురించి కొంచెం చెప్పాలి, కథంతా అక్కడే తిరుగుతుంది. ఇనుప ఒంటిని కడిగి, కరెంటుతో పూత పట్టించే ఈడీ తొట్టిలో ముంచి, దాని మీద ప్రైమరు, రంగు, చివర క్లియర్ కోటు వేస్తారు. అన్నీ కలిపినా 100 మైక్రాన్లకు అటూ ఇటూ. బంపరు సంగతి వేరు. అది ప్లాస్టిక్, దానికి రంగు విడిగా పడుతుంది. గీత ఇనుము దాకా దిగితే నాలుగు నాళ్లలో తుప్పు పట్టి వయసు చెప్పేస్తుంది. ప్లాస్టిక్ తుప్పు పట్టదు. నిన్నటి గీతా, నిరుటి గీతా ఒకటిగానే కనిపిస్తాయి. అద్దెకార్ల వాళ్లకు బంపరు మీద అంత ప్రేమ ఎందుకో దుబాయి వెళ్లాక నాకు అర్థమైంది.

స్టీరింగు ఎడమ పక్కన పెట్టి నన్ను ఓడెక్కించారు. దుబాయిలో ఒక అద్దెకార్ల కంపెనీ కొన్నది. పేరెందుకులెండి. కౌంటరులో కుర్రాడు మనవాడే, కదిరి వైపు వాడు. జీతం తక్కువ. ఇన్సూరెన్సు అంటగట్టినా, డ్యామేజీ రాసినా పైన కొంత ముడుతుంది.

ఆ కౌంటరు లెక్క బయటివాళ్లకు అంత సులువుగా బోధపడదు. రోజు అద్దె చౌకగా చూపిస్తారు. కార్డు మీద 1,500 దిర్హాములు డిపాజిట్‌గా పట్టి ఉంచుతారు, ట్రాఫిక్ జరిమానాలేమైనా వస్తాయేమోనని వారాల తరబడి. ఇన్సూరెన్సు ఉందంటారు, ఉన్నా మొదటి కొంత సొమ్ము మీదే. టైర్లు, అద్దాలు, బండి అడుగుభాగం చాలావరకు దాని కిందికి రావు. ఇసుక దిబ్బల్లోకి తీసుకెళ్తే అసలు ఏదీ రాదు. సాలిక్ అనే టోల్ గేటు దాటితే నాలుగు దిర్హాములు, రద్దీ వేళల్లో ఆరు. కంపెనీ దాని మీద ఒకటి వేసుకుంటుంది. ఇదంతా చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. విమానం దిగి నిద్రమొహంతో నిలబడ్డవాడు సంతకం పెట్టేస్తాడు.

ఇక గీత. దాన్ని గీసింది ఏ కస్టమరూ కాదు. మా యార్డులోనే, నన్ను కడిగి వెనక్కి తిప్పే కుర్రాడు ముందు మూలను సిమెంటు స్తంభానికి రాయించాడు. వాడే కంగారుగా రబ్బింగ్ కాంపౌండు రుద్దాడు. పైపై మెరుపు వచ్చింది గానీ గీత పోలేదు. తెల్లటి ముద్ద మాత్రం గీత లోపల ఎండి ఉండిపోయింది. ఆ తర్వాత నన్ను తిరిగి అప్పగించిన ఒక జర్మనీ జంట దగ్గర దాన్ని కొత్త గీతగా రాసుకున్నారు. తర్వాత ఒక లాగోస్ వ్యాపారి దగ్గర. ఇంకా కొందరి దగ్గర. అందరూ విమానం ఎక్కేవాళ్లే. ఇంటికి చేరాక మెయిలు వస్తుంది, విసుక్కుని వదిలేస్తారు.

అలాంటి రోజుల్లో వచ్చాడు పెనుకొండవాడు. షార్జాలో ఉన్న అక్కను చూడ్డానికి విజిట్ వీసా మీద వచ్చాడు, చేతిలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. ఎర్రమంచిలో పెయింట్ షాపులో తనిఖీ పని అతనిది. అది నాకు ముందు తెలియదు. నా చుట్టూ తిరిగిన తీరు చూశాకే అనుమానం వచ్చింది. అందరూ ఎదురుగా నిలబడి ఫొటో తీస్తారు. ఇతను కూర్చుని, ఫోను లైటును ఏటవాలుగా పట్టి ఒళ్లంతా చూశాడు. లోపాలు వెతికేవాళ్లు లైను మీద చూసేది అట్లాగే. తిన్నగా పడిన వెలుతురు గీతను దాస్తుంది, పక్కగా పడిన వెలుతురు పట్టిస్తుంది. ఎడమ మూల దగ్గర ఆగాడు. గోరు పెట్టి గీత వెంట లాగాడు. గోటి కింద తెల్లటి పొడి వచ్చింది.

"ఇది షీటులో గుర్తు పెట్టలేదేం?" అన్నాడు.

"అంత చిన్నవి మేం లెక్కలోకి తీసుకోం సార్" అన్నాడు కౌంటరు కుర్రాడు.

"సరేలే" అంటూనే తేదీ, టైము గట్టిగా చెప్పి, గోటి మీది పొడితో సహా వీడియో తీసుకున్నాడు. అద్దం కింద నా నంబరు ఎంజెడ్‌బీతో మొదలవడం చూసి నవ్వాడు. "నిన్ను పంపించింది మేమే కదే" అన్నాడు.

పిల్లల్ని వెంటేసుకుని బాగానే తిప్పాడు. గురువారం రాత్రి నన్ను తెచ్చి, కౌంటరులో ఎవరూ లేకపోతే తాళాలు పెట్టెలో వేసి, మరో వీడియో తీసుకుని విమానానికి పోయాడు.

ఊరు చేరాక బిల్లు వచ్చింది. బంపరు రంగుకు 1,200 దిర్హాములు. శుక్రవారం నుంచి ఆదివారం దాకా బండి గ్యారేజీలో ఆగినందుకు 600. ప్రాసెసింగ్ పేరుతో 150. అన్నీ కలిపి 1,950, మన డబ్బుల్లో నలభై వేల పైమాటే. డిపాజిట్ పోగా మిగతాది కార్డు నుంచి లాగేశారు. కింద సాలిక్ చిట్టా, ఆ సొమ్ము వేరే.

ఇవన్నీ నీకెట్లా తెలుసని అడగొచ్చు. కౌంటరు కుర్రాడు నన్ను ఒక ఆఫీసు నుంచి మరో ఆఫీసుకు నడిపేటప్పుడు వాడి ఫోన్లన్నీ నా స్పీకర్లలోనే మోగుతాయి. వాట్సాప్ కాలు అక్కడ పలకదు కాబట్టి పెనుకొండ నుంచి మామూలు ఫోనే వచ్చింది.

అతను అరవలేదు. గీత పాతదని వీడియో పంపానన్నాడు. దుబాయిలో బండికి ఎంత చిన్న దెబ్బ తగిలినా పోలీసు కాగితం లేనిదే గ్యారేజీ వాడు ముట్టడు కదా, ఆ కాగితం పంపమన్నాడు. రంగు వేయించిన గ్యారేజీ బిల్లు పంపమన్నాడు. కుర్రాడు మేనేజరు మీదికి తోశాడు. అప్పుడతను తాపీగా అన్నాడు: "మీ సాలిక్ చిట్టాలో చివరి గేటు చూడన్నా. శనివారం మధ్యాహ్నం, అల్ గర్హూద్ వంతెన. శనివారం బండి గ్యారేజీలో ఉందంటిరి. గ్యారేజీలో ఉన్న బండి వంతెన ఎట్లా దాటింది?"

దాటాను. ఆ మధ్యాహ్నం ఒక ఈజిప్టు కుటుంబం నన్ను నడుపుతోంది.

స్పీకర్లలో కాసేపు ఏమీ లేదు. తర్వాత ఎవరో పెద్దాయన ఫోను లాక్కున్నట్టున్నాడు. "ఏమప్పా, నీది కదిరంట కదా. మా చేను నిలువునా ఎండితే, ఈ-క్రాప్ పంట నమోదులో ఎక్కలేదు, ఫొటో లేదు అని మాకు రూపాయి నష్టం రాయలేదు. మీరు ఏ కాగితమూ లేకుండానే నా కొడుకు దగ్గర ఎట్లా రాబట్టుకుంటారప్పా?"

కుర్రాడు బండి పక్కకు ఆపాడు. మన వైపు వాడికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. "పెద్దాయనా, నా పేరు ఎత్తొద్దు. దుబాయి కన్స్యూమర్ ప్రొటెక్షన్ వాళ్లకు ఆన్‌లైన్‌లో రాయమను. బ్యాంకులో కూడా చార్జ్‌బ్యాక్ అడగమను, ఆలస్యం చేస్తే గడువు దాటిపోతుంది" అని పెట్టేశాడు.

ఈ జబ్బు దుబాయిది మాత్రమే అనుకోకండి. 2015లో యూరోపియన్ కమిషన్, అక్కడి దేశాల వినియోగదారుల సంస్థలు కలిసి ఐదు పెద్ద అద్దెకార్ల కంపెనీలను కూర్చోబెట్టి మాట తీసుకున్నాయి. డబ్బు లాగే ముందే డ్యామేజీకి కారణమూ, రుజువూ చూపాలి, కస్టమరుకు కాదనే అవకాశం ఇవ్వాలి అన్నది అందులో ఒకటి. మాట తీసుకోవాల్సి వచ్చిందంటేనే అంతకుముందు ఏం జరుగుతుండేదో ఊహించుకోవచ్చు. కొట్లాడి గెలిచేవాడు నిజాయితీపరుడే కానక్కర్లేదు, ముందే ఫొటో తీసుకున్నవాడై ఉంటే చాలు. నాకు నచ్చని న్యాయమే, కానీ నడిచేది అదే.

పెనుకొండవాడు ఫిర్యాదు పెట్టాడు, రెండు వీడియోలూ జతచేసి, సాలిక్ వరుస కింద ఎర్రగీత కొట్టి. కంపెనీ సమాధానం మర్యాదగా వచ్చింది. తప్పు ఒప్పుకోలేదు. "మీతో ఉన్న మంచి సంబంధాల దృష్ట్యా" బంపరు, ఆగిన రోజులు, ప్రాసెసింగ్ మూడూ రద్దు చేస్తున్నామని రాశారు. సంబంధమేంటో నాకైతే తెలియలేదు. మేనేజరు ఆ మెయిలు కుర్రాడికి నా ముందు సీట్లోనే కూర్చుని చదివి వినిపించాడు. ఇకనుంచి సాలిక్ చిట్టాను బిల్లుకు జతచేసే ముందు తేదీలు చూడమని గట్టిగా చెప్పాడు. గీత గురించి ఏమీ చెప్పలేదు.

కుర్రాడు మర్నాడు నా షీటు తీసి, బొమ్మలో ముందు ఎడమ మూలన పెన్నుతో ఇంటూ గుర్తు పెట్టాడు. మేనేజరు చూసి కొత్త షీటు ప్రింటు తీయించాడు. కుర్రాడు దాని మీదా పెట్టాడు. ప్రస్తుతానికి ఆ పోటీ అలా నడుస్తోంది.

డబ్బు కార్డుకు తిరిగొచ్చింది, అయిదు దిర్హాములు తక్కువగా. శనివారం నాటి అల్ గర్హూద్ గేటు సొమ్ము అది. నూట పది రూపాయల పైచిలుకు. పెనుకొండవాడు దానికీ మెయిలు రాశాడు: ఆ గేటు దాటింది నేను కాదు, మీ రద్దులో ఇది మరిచారు, పంపగలరు.

జవాబు ఇంకా రాలేదు. మళ్లీ రాశాడట.