గోడ దాహం తెలియని సలహాలు

ఖమ్మంలో మా అక్క ఇంటి పడమటి గోడ రెండో వానాకాలానికే పెచ్చులూడింది. ఒక పెచ్చు తీసి వెనక్కి తిప్పి చూశాను. వెనక వైపంతా అద్దంలా నున్నగా ఉంది, వేలితో రుద్దితే బూడిదలాంటి పొడి రాలింది. సిమెంటుకు లోటు చెయ్యలేదు, ఇసుకా మంచిదే. పూతలోని రెండు కోట్లూ ఒకదాన్నొకటి పట్టుకోలేదు, అంతే. ఆ పని జరిగేటప్పుడు అక్కకు తలా ఒక సలహా ఇచ్చారు. అవే మాటలు ఇప్పటికీ ఏ పరంజా కింద నిలబడినా వినిపిస్తున్నాయి.

"గోడ బాగా తడపండి, నీళ్లు కారాలి." సగం నిజం కాబట్టే ఇది ప్రమాదం. ఎండిన ఎర్ర ఇటుక మాలులోని నీటిని లాగేసుకుంటుంది. సిమెంటు గట్టిపడడానికి నీరు చాలక అతుకు దగ్గర పొడిపొడిగా మిగిలిపోతుంది. అలాగని పైపు పెట్టి, నీళ్లు కారుతుండగానే మాలు కొడితే ఇటుక రంధ్రాలు ముందే నిండి ఉంటాయి. సిమెంటు పాలకు లోపలికి దారే ఉండదు, మాలు జారుతుంది. ముందుగా తడిపి, పైన మెరుపు పోయేదాకా ఆగాలి. దోసెడు నీళ్లు చల్లి చూడండి. చప్పున మాయమైతే గోడకు ఇంకా దాహం ఉన్నట్టు. జారిపోతే ఎక్కువైనట్టు. రంగు ముదిరి మెల్లగా ఇంకితే తాపీ పట్టవచ్చు. ఏఏసీ (తేలిక కాంక్రీటు) దిమ్మెలకైతే పైపు వద్దే వద్దు, పైపైన చిలకరింపు చాలు. నానిన దిమ్మె ఆరేటప్పుడు ముడుచుకుని పూతను చీలుస్తుంది.

"స్తంభమైనా గోడే కదా, ఒకేలా కొట్టెయ్." కాంక్రీటు నీరు పెద్దగా పీల్చదు, షట్టరింగ్ నూనె అంటితే మాలు అసలే పట్టదు. నూనె కడిగి, ఉలితో గాట్లు పెట్టి, సిమెంటూ ముతక ఇసుకా కలిపిన పల్చటి మాలును విసిరికొట్టాలి. దాన్ని రుద్దకూడదు, ఆ గరుకే పట్టు. స్తంభమూ ఇటుకా కలిసేచోట జాలీ తప్పదు.

"మొదటి కోటు నున్నగా లాగు, రెండోదానికి మాలు కలిసొస్తుంది." అక్క గోడను పాడుచేసింది ఇదే. 12 నుంచి 15 మి.మీ. మొదటి కోటు బిగుసుకుంటుండగా, ఇంకా గోరు దిగుతుండగానే, అడ్డంగా అలల్లా గీతలు గియ్యాలి. కొన్నాళ్లు తడిపి, తర్వాత ఆరనివ్వాలి. అది ముడుచుకోవాల్సినంత ముడుచుకున్నాకే, దుమ్ము దులిపి, లేతగా తడిపి రెండోది ఎక్కించాలి. మేస్త్రీ పరంజా విప్పే తొందరలో ఉంటాడు. ఇక్కడ మాత్రం ఇంటివాళ్లు మొహమాటపడొద్దు.

"పైకోటులో సిమెంటు దండిగా వెయ్యి, వాన ఆగుతుంది." సిమెంటు ఎక్కువైన పూత ఎక్కువ ముడుచుకుని, బలహీనమైన కింది కోటును పట్టి లాగుతుంది. పైది కిందిదానికంటే పలచగా ఉండాలి, బలంగా ఉండకూడదు. నునుపు కోసం పొడి సిమెంటు చల్లి రుద్దినా అంతే, వెంట్రుకవాసి పగుళ్లు లేస్తాయి.

ఎండలో త్వరగా ఆరుతుందని మేలో మిట్టమధ్యాహ్నం కొట్టించడం ఇంకొకటి. ఆరడం వేరు, గట్టిపడడం వేరు. పడమటి గోడ పని పొద్దున్నే నీడలో జరగాలి.

ఈసారి అక్క అలాగే చేయించింది. నిన్న రూపాయి బిళ్లతో గోడ పొడవునా తట్టుకుంటూ నడిచాం. కిటికీ పక్కన జానెడు మేర డొల్లగా పలికింది. అంతమేర చెక్కించి మళ్లీ కొట్టించాలి.